కొమురమ్మ గడప దాటించని మాట

ఫిల్మ్‌నగర్‌లో ఎవరి గుట్టయినా మూడు పూటలకు మించి నిలవదు. హీరోయిన్ పెళ్లి ముచ్చట హీరోయిన్ కన్నా ముందు టీ కొట్టువాడికి తెలిసిపోయే చోటు అది. అలాంటి చోట ముప్పయ్యేళ్లుగా ఇళ్ల లోపలి గదుల దాకా పోయి వస్తూ, ఒక ఇంటి మాట ఇంకో ఇంటి గడప దాటించని మనిషి ఒకతె ఉందంటే మీరు నమ్మరు. నేనూ మొదట నమ్మలేదు. పేరు కొమురమ్మ. వయసు ఏభై ఎనిమిది. పని, పసిపిల్లలకు నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోయడం.

పొద్దున ఆరింటికి బస్తీలోని తన ఒంటిగది ఇంటి నుంచి బయల్దేరుతుంది. ముందు షేక్‌పేట, తర్వాత ఫిల్మ్‌నగర్ అపార్టుమెంట్లు, ఆ తర్వాత ఎత్తెక్కి జూబిలీహిల్స్ బంగళాలు. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపి, కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుంటుంది. నీళ్ల వేడి మోచేత్తో చూస్తుంది. అప్పటిదాకా ఇల్లెగిరిపోయేలా ఏడ్చిన పిల్ల, ఆమె అరచెయ్యి వీపు మీద పడగానే ఏదో గుర్తొచ్చినట్టు ఊరుకుంటుంది. ఎన్ని వందల మందికి పోసిందో! ఇప్పటికీ ప్రతి పిల్ల దగ్గరా అదే మాట అంటుంది: "ఏం సృష్టిరా దేవుడా, గింతంత గోర్లు గూడ పెట్టినవ్!"

ఆమెకు రెండే నియమాలు. నీళ్లు పోసిన పిల్లకు పాలు ఆలస్యం కారాదు. వేడినీళ్లు పడ్డాక పిల్లకు పుట్టే ఆకలి అంతా ఇంతా కాదు, నిమిషం ఆగదు. ఇక రెండోది, మాట మోయరాదు. అది అత్త దగ్గర నేర్చుకున్నది. అత్తదీ ఇదే పని. ఎర్రగడ్డ వైపు ఒక బాలింతకు పాలు పడలేదని పక్కింట్లో అత్త నోరు జారితే, నెల తిరక్కముందే ఆ బాలింతను పుట్టింట్లో దిగబెట్టి వచ్చారట. అత్త చచ్చేదాకా మళ్లీ ఆ వీధి తొక్కలేదు. "నీళ్లతోపాటే మాటలు గూడ మోరీల పొయ్యాలె" అని కోడలికి చెప్పి పోయింది.

ఇక్కడే ఉంది తమాషా. ఏ ఇంట్లోనైనా సరే, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి తల్లులు అడిగే ప్రశ్న ఒక్కటే.

"పెద్దమ్మా, నువ్వు ఇన్ని ఇండ్లు తిరుగుతవు గదా. మిగతా వాళ్లందరూ పాలిస్తున్నరా?"

"ఎవలింటి సంగతి వాళ్లకెరుక బిడ్డా. నేను నీళ్లు పోసేదాన్ని" అని తేల్చేస్తుంది కొమురమ్మ.

కానీ ఆమెకు తెలుసు. ఈ గుట్టల మీద ఎవరికీ తెలియనిది ఆమెకొక్కదానికే తెలుసు. బస్తీవాళ్లనడిగితే "బంగళాల ఆడోళ్లు పాలిస్తరా? అందం పోదా?" అంటారు. బంగళాల్లో అడిగితే "బస్తీలో అయితే అందరూ తల్లిపాలే, అదృష్టవంతులు" అంటారు. పెద్దవాళ్లేమో మా కాలంలో ఇవ్వనివాళ్లే లేరంటారు, చిన్నవాళ్లేమో ఈ కాలంలో ఇచ్చేవాళ్లే లేరంటారు. దూరపు కొండలు నునుపు! దగ్గరికెళ్లి చూసేది ఒక్క కొమురమ్మే, ఆమె నోరేమో విప్పదు.

జూబిలీహిల్స్‌లో మనోజ ఉంది. మామగారు సినిమాలు తీస్తారు. ఇంట్లో పనివాళ్లే తొమ్మిది మంది. ఆమె రెండు నెలల కొడుకు బన్నీ ముందు, చుట్టాలు చూస్తుండగా ఆయా పాలసీసా తెచ్చి పెడుతుంది. అందరూ వెళ్లాక ఆ సీసా సింకులోకి పోతుంది. మనోజ గది గడియ వేసుకుని, పిల్లాడికి రొమ్మిస్తుంది. "మా వాళ్లల్ల ఎవ్వరూ ఇయ్యరు కొమురమ్మా. ఊరిదానిలెక్క ఇదేందని నవ్వుతరు. నేనొక్కదాన్నే" అంటుంది, తప్పు చేసినదానిలా.

షేక్‌పేటలో బుజ్జి ఉంది. పాటల్లో గుంపులో ఆడే డాన్సరు, ఇరవై రెండేళ్లది. ఆమె డబ్బా పాల టిన్నును బియ్యం డ్రమ్ములో దాస్తుంది. "మన దిక్కు అందరు తల్లిపాలే పెద్దమ్మా. తెలిస్తే మొకం మీద ఉమ్మేస్తరు. నేనొక్కదాన్నే" అంటుంది.

ఇచ్చేదీ దాస్తుంది, ఇవ్వనిదీ దాస్తుంది. ఇద్దరి ఇళ్లకూ మధ్య రెండు కిలోమీటర్లు లేదు. ఈ నేనొక్కదాన్నే అన్న మాట విని విని కొమురమ్మకు ఒక్కోసారి పిచ్చి కోపం వచ్చేది. ఇంటింటికో మట్టిపొయ్యే గదనే, అని అరవాలనిపించేది. అరవలేదు. అత్త గుర్తొచ్చి నోరు మూసుకునేది.

స్టెఫీ రాకపోతే అలాగే మూసుకుని ఉండేదేమో.

స్టెఫీ ఫిల్మ్‌నగర్ అపార్టుమెంట్లో ఉండే డబ్బింగ్ ఆర్టిస్టు, సినిమాల్లో వేరేవాళ్లకు గొంతిస్తుంది. భర్త చరణ్ తేజ ఎడిటింగ్ గదిలో ఉంటాడు, రోజుకు నాలుగు గంటలు ఇంట్లో కనబడితే గొప్ప. నెల దాటిన ఆడపిల్ల. సాయానికి నరసాపురం నుంచి అత్తగారు మార్తమ్మ వచ్చింది. మార్తమ్మ చెడ్డ మనిషి కాదు సుమండీ! కోడలికి పథ్యం వండడంలో, మనవరాలికి పాట పాడడంలో ఆమెకు ఆమే సాటి. కాకపోతే ఒక మాట పట్టుకుంది. కొమురమ్మ నీళ్లు పోస్తున్నప్పుడల్లా పక్కన నిలబడి అంటుంది: "మా రోజుల్లో ఈ డబ్బాలూ పొడులూ ఎవరికి తెలుసండీ? అందరం ఇచ్చాం. ఇవ్వని తల్లిని నేనైతే చూళ్లేదు."

అలా అన్నప్పుడల్లా తలుపు దగ్గర నిలబడ్డ స్టెఫీ ముఖంలో నెత్తురు ఇంకిపోయేది.

కొమురమ్మకు మొదటి వారమే తెలిసింది. పిల్ల కక్కిన పాల వాసనే చెప్పింది, తల్లిపాల వాసన వేరు, పొడిపాల వాసన వేరు. స్టెఫీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పెద్దమ్మా, అత్తయ్యతో చెప్పకండి. పాప బరువు పెరగట్లేదు. ఉన్నంత ఇచ్చి, చాలనిది డబ్బాతో పట్టమని డాక్టరే చెప్పారు. కానీ..."

ఆ కానీ వెనక ఇంకో కథ ఉంది. రెండేళ్ల కిందట, ఆస్పత్రుల్లో వేసే చిన్న ప్రకటనకు స్టెఫీయే గొంతిచ్చింది. "ప్రతి అమ్మా పాలివ్వగలదు. మీరూ ఇవ్వగలరు." గొంతులో ప్రేమ చాల్లేదని తొమ్మిదిసార్లు చెప్పించారు. పదోసారి బాగా వచ్చింది. అంత బాగా వచ్చింది కాబట్టే ఇప్పుడు ఆమె కాన్పయిన ఆస్పత్రి టీవీలో రోజుకు నలభైసార్లు వచ్చేది. నొప్పులతో పడుకుని, పిల్లను పట్టుకుని, పాలు రాక ఏడుస్తూ, తన గొంతు తనకే చెప్పడం వింది. పరాయివాళ్ల మాటైతే కాదనుకోవచ్చు. తన గొంతుతో తనే చెప్పుకున్న మాటను ఎలా కాదంటుంది, పాపం!

ఒక గురువారం, నీళ్లు పోయడం అయ్యాక స్టెఫీ పిల్లను అందుకోలేదు. కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"సోమవారం పాపను అత్తయ్యతో నరసాపురం పంపించేస్తున్నాను. టికెట్ తీసేశాం. నేను డబ్బింగ్‌కి వెళ్లిపోతాను."

"మల్ల ఎప్పుడు తెస్తరు?"

"పెద్దయ్యాక." కిటికీ తెర లాగి, "ప్రపంచంలో అందరికీ వచ్చేది నాకొక్కదానికే రాలేదు పెద్దమ్మా. నేను దానికి అమ్మగా పనికిరాను. అత్తయ్య దగ్గరుంటే కనీసం ముద్దూ మురిపెమూ అయినా దొరుకుతాయి" అంది.

కొమురమ్మ పిల్లను ఆమె ఒళ్లో పెట్టింది. స్టెఫీ చేతులు లేవలేదు. పిల్ల ఆకలికి గుప్పిళ్లు బిగించి ఏడుస్తుంటే, ఆ తల్లి ఎవరి పిల్లనో చూసినట్టు చూస్తోంది. ముప్పయ్యేళ్లలో కొమురమ్మకు భయం వేసింది అప్పుడే.

ఎత్తు దిగుతూ దారిలో ఒక మూసిన కొట్టు మెట్ల మీద కూలబడింది. చెప్పేస్తే? ఫలానా బుజ్జికి కూడా లేవమ్మా అంటే, రేపు బుజ్జి గతేంటి? ఫలానా మనోజ ఇస్తుందంటే, ఆమె గుట్టు ఏమైనట్టు? అత్త మాట తప్పితే తను ఏ ముఖం పెట్టుకుని ఇళ్లల్లోకి పోతుంది? చెప్పకపోతే మాత్రం సోమవారం ఒక పసిపిల్ల రైలెక్కిపోతుంది. "అత్తా, గిదేం తకరారు పెట్టి పోయినవే" అని పైకే అనేసింది. పక్కన మిర్చీబజ్జీల బండివాడు తనని కాదు కదా అని చూశాడు.

అప్పుడు ఆమెకు తట్టింది. రెండో నియమానికి దారి మొదటి నియమమే చూపించింది.

శుక్రవారం ప్రతి ఇంట్లోనూ మోకాళ్లు పట్టుకుని ఒకటే మూలుగు. "నడవొస్తలేదు బిడ్డా. రేపొక్క దినం మీరే మా ఇంటికి తీస్కరాండ్రి. ఎనిమిది గంటలకు." అందరికీ ఎనిమిదే చెప్పింది. జీవితంలో ఆమె ఆడిన పెద్ద అబద్ధం అదే. మోకాళ్లు ఇనుములా ఉన్నాయి.

శనివారం పొద్దున వాకిట్లో కట్టెల పొయ్యి మీద కాగులో నీళ్లు మరుగుతున్నాయి. మొదట బుజ్జి వచ్చింది. తర్వాత ఒక కెమెరా అసిస్టెంటు భార్య, తన కవలల్ని చెరో చంకన వేసుకుని. కారు గల్లీలో పట్టక, మనోజ చెప్పులు చేత్తో పట్టుకుని బురద దాటుకుంటూ నడిచొచ్చింది. ఇంట్లో మాత్రం పెద్దమ్మతల్లి గుడికని చెప్పిందట. ఆఖరున మార్తమ్మ, వెనకే సంచీ గుండెకు అదుముకుని స్టెఫీ. ఒకరినొకరు చూసి అందరూ కంగుతిన్నారు.

"ఇంతమందిని ఒక్కసారే పిలిచినవేంది కొమురమ్మా?" అంది మనోజ, కాస్త గరంగానే.

"ముసల్దాన్ని, టైము మర్శిపోయిన. కూసోండ్రి, కూసోండ్రి." ఏమీ ఎరగని మొహం పెట్టడం కూడా చేతకాదు ఆమెకు. తల దించుకుని పీట మీద కూర్చుంది.

బన్నీకి పోసింది. కవలలకు పోసింది. బుజ్జి కొడుక్కి పోసింది. చివరికి స్టెఫీ పాపకు. తుడిచి, సాంబ్రాణి పొగ చూపించి, ఒక్కొక్కర్నీ తల్లులకు అందించింది. ఆనక, తను లెక్క వేసుకున్నట్టే, ఆ ఒంటిగదిలో ఆకలి కేకలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, నాలుగు. చెవులు చిల్లులు పడుతున్నాయి. తల్లులు మాత్రం బొమ్మల్లా కూర్చున్నారు. ఒక్కరూ కదలరే! పక్కామె ఏం చేస్తుందో చూద్దామని ఒకర్నొకరు వారచూపులు చూసుకోవడమే.

"లోపలి గది ఏది?" అంది మనోజ గాబరాగా.

"లేదు బిడ్డా. ఉన్నదొక్కటే."

బుజ్జి కొడుకు గొంతు చించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుకు మనోజ పట్టు జాకెట్టు ముందు భాగం రెండు పక్కలా తడిసిపోయింది. ఏడ్చింది వేరేవాళ్ల బిడ్డ! ఎవరి బిడ్డ అని ఒళ్లు అడగలేదు, ఆకలి విన్నది, పాలు దించింది. ఎన్నిసార్లు చూసినా కొమురమ్మకు ఒళ్లు జలదరించే సంగతి అది. ఔరా, ఏం మాయ ఇది! లోపల ఏ గంట మోగుతుందో, ఎవరు మోగిస్తారో!

దాచడానికి ఇంకేం మిగల్లేదు. మనోజ గోడవైపు తిరిగి కూర్చుని బన్నీని రొమ్ముకు చేర్చుకుంది. గుటకల చప్పుడు గది అంతా వినిపించింది. బుజ్జి నోరు తెరుచుకుని చూస్తోంది.

"మేడం... మీరిస్తరా?"

"ఏం? ఇయ్యొద్దా?" మనోజ గొంతు కరకరలాడింది.

"అయ్యో గట్ల గాదు మేడం! పెద్దోళ్లు ఎవ్వరు ఇయ్యరనుకున్న." బుజ్జి కళ్లు నిండిపోయాయి. బట్టల మూటలోంచి పాలసీసా తీసింది. "నాకే లెవ్వు. నలభై దినాలకే షూటింగుకు పోయిన. పొద్దుగాల పోతే చీకటికి ఇల్లు. ఇంకిపోయినయ్. బస్తీల నేనొక్కదాన్నే గిట్ల."

మనోజ మెల్లగా ఇటు తిరిగింది. "నువ్వొక్కదానివా? నేను మా ఇండ్లల్ల ఇచ్చేది నేనొక్కదాన్నే అనుకుంటున్న గదనే" అని చిన్నగా నవ్వింది. కవలల తల్లి ఒక పిల్లను రొమ్ముకు పెట్టుకుని, రెండో పిల్ల నోటికి సీసా అందించి, కాసేపయ్యాక ఇద్దర్నీ మార్చింది. అంత ఒడుపుగా మార్చిందంటే, ఏడుస్తున్న బుజ్జి కూడా ఏడుపాపి చూసింది.

ఇక స్టెఫీ పాప ఒక్కతే ఏడుస్తోంది. స్టెఫీ చెయ్యి సంచీ మీద బిగుసుకుపోయింది. చూపు అత్తగారి మీద ఉంది.

"అత్తయ్యా, నా దగ్గర చాలవు. నెల నుంచీ గది తలుపేసుకుని డబ్బా పాలు పడుతున్నాను." ఎన్నో సినిమాల్లో ఎంతోమంది తల్లులకు గొంతిచ్చిన పిల్ల, తన మాట చెప్పుకోవడానికి గొంతు వెతుక్కుంది. "మీరన్నట్టు అందరూ ఇచ్చారు. నేను తప్ప."

  అయిపోయింది, తన అత్తకు జరిగిందే తనకూ జరిగింది, ఒక కాపురంలో నిప్పు పోశాను అనుకుంది కొమురమ్మ.

మార్తమ్మ గోడ పట్టుకుని నేల మీదికి జారి కూర్చుంది.

"చరణ్‌కి నేను పట్టింది గేదె పాలు" అంది.

ఒళ్లో పడ్డ తన కొంగును చూసుకుంది.

"మూడో వారానికే నాకు ఎండిపోయాయి. మా అత్తగారు, ఊళ్లో తెలిస్తే పరువు పోద్దంది. కొంగు కప్పుకుని, కొంగు కింద ఉగ్గుగిన్నె పెట్టుకుని పట్టేదాన్ని. చర్చిలో కూడా అట్టాగే కూర్చునేదాన్ని. చుట్టూ కొంగులు కప్పుకున్న తల్లులు. వాళ్లందరి కొంగుల కిందా పాలున్నాయి, నా కొంగు కిందే గిన్నె ఉందనుకునేదాన్ని." ఆమె బుజ్జిని చూసింది, కవలల తల్లిని చూసింది, చివరికి కోడల్ని చూసింది. "అందరం ఇచ్చాం అన్నానే గానీ, స్టెఫీ, నేను తప్ప అందరూ ఇచ్చారనే అనుకున్నానే తల్లీ. ముప్పయ్యేళ్లుగా!"

కొమురమ్మ చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఊరందరి లోగుట్టూ తనకే తెలుసనుకుంది ఇన్నాళ్లు! నెల రోజులు పక్కన నిలబడి మాట్లాడిన మనిషి గుండెలో ముప్పయ్యేళ్ల గిన్నె ఉందని తనకూ తెలియలేదు. ఎన్ని కొంగుల కింద ఎన్ని గిన్నెలున్నాయో ఈ లోకంలో! లెక్క తెలిసినవాడు పైవాడొక్కడే. ఆమె రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

మార్తమ్మ స్టెఫీ సంచీలో చెయ్యి పెట్టింది. ఉన్ని సాక్సులో దాచిన పాలసీసా బయటికి తీసి, అందరి ముందూ నేల మీద నిలబెట్టింది.

"ముందు నీ దగ్గరున్నది తాగనీ. చాలనిది నేను పడతాను. కొంగు కప్పకు."

స్టెఫీ చేతులు అప్పుడు లేచాయి. పిల్లను దగ్గరికి తీసుకుంది. తాగినంతసేపు తాగింది పాప, ఎంతోసేపు కాదు. తర్వాత నానమ్మ ఒళ్లోకి మారి సీసా అందుకుంది, తాగుతూ తాగుతూ తల్లి చూపుడువేలు మాత్రం వదల్లేదు. గదిలో మరి ఏడుపు లేదు. అయిదుగురు పసివాళ్ల గుటకలు తప్ప ఇంకో చప్పుడు లేదు. కాగు కింద కట్టెలు ఆరిపోతున్నా కొమురమ్మ లేవలేకపోయింది, కళ్లు ధారగా కారుతున్నాయి.

వెళ్లేటప్పుడు గడప దగ్గర మార్తమ్మ ఆగి, కొమురమ్మ మోకాళ్ల వైపు చూసింది.

"ఇందాక చటుక్కున లేచి కాగు దింపారు. నొప్పి తగ్గినట్టుందే?"

"తగ్గింది అమ్మగారూ" అంది కొమురమ్మ, నేల చూపులు చూస్తూ.

సోమవారం మార్తమ్మ ఒక్కతే రైలెక్కింది.

ఆ రోజు పొద్దున కొమురమ్మ వెళ్లేసరికి వంటింటి గట్టు మీద, కాఫీపొడి సీసా పక్కన, పాలపొడి డబ్బా మూత తీసి ఉంది. స్టెఫీయే నీళ్లు కాచి పెట్టింది. పిల్లను తనే తెచ్చి కొమురమ్మ కాళ్ల మీద పడుకోబెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది. కొమురమ్మ నూనె రాసింది, నలుగు పెట్టింది, మోచేత్తో నీళ్లు చూసి పోసింది. ప్రతి ఇంట్లో, ప్రతి రోజూ ఆ సమయానికి వచ్చే, మిగతావాళ్లందరూ పాలిస్తున్నారా అన్న ప్రశ్న కోసం అలవాటుగా చూసింది.

స్టెఫీ ఏమీ అడగలేదు. "ఇటివ్వండి పెద్దమ్మా, ఆకలేస్తోంది దానికి" అని చేతులు చాపింది.